ఇంటీజర్ నిండకముందే బిగ్‌ఇంట్‌కు: స్కాన్ టేబుల్ మార్పు, ప్రాజెక్టు డైరీ

పార్సిల్ స్కాన్లు నమోదయ్యే టేబుల్‌లో ప్రైమరీ కీ (ప్రతి స్కాన్‌కీ వేరుగా ఇచ్చే నంబరు, అంటే ఐడీ) ఇంటీజర్, 4 బైట్ల పూర్ణాంకం. దాని గరిష్ఠ విలువ 2,14,74,83,647. ఆ అంకె దాటిన మరుక్షణం ఒక్క ఇన్సర్ట్ (కొత్త స్కాన్ చేర్చడం) కూడా పడదు. దాన్ని 8 బైట్ల బిగ్‌ఇంట్‌కి మార్చడమే ఈ పని. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14, టీమ్ బెంగళూరు బెల్లందూరులో, స్కాన్లు వచ్చేది ఎక్కువగా హోస్కోటె, నెలమంగళ హబ్‌ల నుంచి. ఇదే పని ముందున్నవాళ్లకి పనికొస్తుందని ఏ రోజుకారోజు రాసుకున్న లెక్కలివి. దారి తప్పిన చోట్ల గురించే ఎక్కువ రాశాను.

దశ 0: కొలతలు (రోజు 1–4)

సీక్వెన్స్ (ఐడీలని వరసగా ఇచ్చే కౌంటర్) ప్రస్తుత విలువ: 187 కోట్లు. మిగిలినవి: 27.75 కోట్లు.
రోజుకి ఖర్చయ్యే ఐడీలు: 22 లక్షలు. రోజుకి నిజంగా చేరే రోలు (టేబుల్ వరసలు): 16 లక్షలు.
టేబుల్‌లో ఉన్న రోలు: 64 కోట్లు (13 నెలలవి, అంతకంటే పాతవి ఆర్కైవ్‌కి పోతాయి). కనిష్ఠ ఐడీ 99 కోట్ల దగ్గర.
టేబుల్ సైజు 96 జీబీ, ప్రైమరీ కీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) 14 జీబీ, ఇంకో మూడు ఇండెక్సులు.

22 లక్షలకీ 16 లక్షలకీ తేడా ఎందుకో ముందు తేల్చుకోవాలి. హబ్‌లో సిగ్నల్ పోయినప్పుడు స్కానర్ గన్ అదే స్కాన్‌ని మళ్లీ మళ్లీ పంపుతుంది. టేబుల్ మీద యూనిక్ కీ, ఇన్సర్ట్‌లో 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' ఉన్నాయి కాబట్టి రెండోది పడదు. కానీ కాన్‌ఫ్లిక్ట్ చూసేలోపే నెక్స్ట్‌వాల్ (సీక్వెన్స్ నుంచి తర్వాతి ఐడీ తీసుకునే పిలుపు) నడిచిపోయి ఉంటుంది. రో చేరకపోయినా ఐడీ పోయినట్టే. రోలు లెక్కపెట్టి గడువు అంచనా వేస్తే తప్పవుతుంది, సీక్వెన్స్‌నే చూడాలి.

ఇప్పటి వేగంతో 126 రోజులు. దసరా, దీపావళి సీజన్‌లో రోజుకి 35 లక్షలు ఖర్చవుతాయి. మొత్తం ఆ వేగమే పట్టుకుంటే 79 రోజులు. ప్లాన్ రెండో అంకె మీదే వేశాం.

ఇంతదాకా అలర్ట్ ఎందుకు రాలేదు? మానిటరింగ్ స్క్రిప్టు సీక్వెన్స్ విలువని సీక్వెన్స్ గరిష్ఠంతో భాగిస్తోంది. ఈ టేబుల్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాలంలో పుట్టింది. అప్పట్లో సీరియల్ కాలమ్‌కి కూడా సీక్వెన్స్ బిగ్‌ఇంటే. అందుకే స్క్రిప్టు వాడకాన్ని 0 శాతంగా చూపిస్తూ వచ్చింది. భాగించాల్సింది కాలమ్ టైపు గరిష్ఠంతో.

నేరుగా 'ఆల్టర్ కాలమ్ టైప్ బిగ్‌ఇంట్' కొడితే ఏమవుతుందో కాపీ మీద చూశాం: టేబుల్ మొత్తం, ఇండెక్సులు నాలుగూ మళ్లీ రాయడానికి 3 గంటల 50 నిమిషాలు. అంతసేపూ టేబుల్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్, అంటే సెలెక్ట్ కూడా నడవదు. ఆ దారి వద్దనుకున్నాం. బదులుగా: పక్కన ఒక బిగ్‌ఇంట్ కాలమ్ చేర్చడం, కొత్త రోలకి ట్రిగ్గర్‌తో (ప్రతి రాతకీ దానంతటదే నడిచే కోడ్) నింపడం, పాత రోలని బ్యాక్‌ఫిల్‌తో (విడతలుగా) నింపడం, చివర్లో రెండు కాలమ్‌ల పేర్లు మార్చేయడం.

అత్యవసరానికి ఒకటి పక్కన పెట్టుకున్నాం: సీక్వెన్స్ మిన్‌వాల్యూని మైనస్ 2,14,74,83,648కి దించి అక్కడినుంచి రీస్టార్ట్ చేస్తే ఇంకో 214 కోట్ల ఐడీలు దొరుకుతాయి. ఐడీ క్రమాన్ని బట్టి 'తాజా స్కాన్' వెతికే ప్రతి క్వెరీ దానితో తప్పు జవాబిస్తుంది. వాడే అవసరం రాలేదు, స్క్రిప్టు మాత్రం రాసి ఉంచాం.

*ఇప్పటిదాకా: పని 22 గంటలు. మిగిలిన ఐడీలు 26.87 కోట్లు.*

దశ 1: దాక్కున్న ఇంటీజర్లు (రోజు 5–13)

డేటాబేస్‌లో వెతికిన క్రమం:

1. ఫారిన్ కీలు (ఈ ఐడీని సూచించే వేరే టేబుళ్ల బంధాలు): రెండు చైల్డ్ టేబుళ్లు (ఫొటోలు 9 కోట్ల రోలు, ఎక్సెప్షన్లు 1.5 కోట్లు).
2. ఫారిన్ కీ లేకుండా అదే ఐడీని మోసే కాలమ్‌లు: ఇన్ఫర్మేషన్ స్కీమా కాలమ్‌ల జాబితాలో టైపు ఇంటీజర్, పేరులో 'స్కాన్' లేదా 'రెఫ్' ఉన్నవి. నాలుగు దొరికాయి. ఒకటి ఆడిట్ లాగ్‌లో.
3. ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్లు, లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్స్: ఆరు ఫంక్షన్లు.
4. ఈ కాలమ్‌ని వాడే వ్యూలు (పేరు పెట్టి దాచిన క్వెరీలు): మూడు.

అప్లికేషన్ వైపు వెతుకులాట కోడ్‌లో చేస్తే తప్పిపోతాయి. స్టేజింగ్‌లో (టెస్టుల కోసం ఉంచిన సెటప్) స్కీమా మొత్తం బిగ్‌ఇంట్ చేసి, సీక్వెన్స్‌ని 2,14,74,83,700కి జరిపి, రెండు రోజులు మామూలు టెస్టులన్నీ నడపడమే నమ్మకమైన పద్ధతి. ఎక్కడ ఇంటీజర్ ఉందో అక్కడ అదే విరుగుతుంది.

జరపడమే మొదట కుదర్లేదు. సీక్వెన్స్‌ని జరిపే సెట్‌వాల్ 'విలువ హద్దులో లేదు' అంది. స్టేజింగ్ స్కీమా మైగ్రేషన్ స్క్రిప్టులతో కొత్తగా కట్టినది. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి సీరియల్ కాలమ్‌కి పుట్టే సీక్వెన్స్ కూడా ఇంటీజరే. ప్రొడక్షన్‌లో బిగ్‌ఇంట్, స్టేజింగ్‌లో ఇంటీజర్: ఒకే టేబుల్, రెండు పుట్టుకలు. 'ఆల్టర్ సీక్వెన్స్ యాజ్ బిగ్‌ఇంట్' కొడితే సరిపోయింది. ఆ లైను ప్రొడక్షన్ స్క్రిప్టులో కూడా ఉంచాం. అవసరం లేకపోయినా హాని లేదు.

రెండు రోజుల్లో విరిగినవి:

- జావా సర్వీసుల్లో 'గెట్‌ఇంట్' పిలుపులు, ఎంటిటీల్లో చిన్న టైపు: 41 చోట్ల.
- హబ్ ట్యాబ్లెట్ యాప్‌లో ఒక ఫీల్డ్. ట్యాబ్లెట్లన్నీ అప్‌డేట్ అవడానికి 11 రోజులు పట్టింది. మొత్తం ప్రాజెక్టులో అతి నెమ్మది ముక్క ఇదే. దీన్ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.
- లేబుల్ ప్రింట్ సర్వీసు. ఎర్రర్ రాలేదు, ఐడీని 32 బిట్లకి కుదించి మైనస్ అంకె అచ్చేసింది. ప్రింటయిన కాగితాన్ని కళ్లతో చూస్తేనే తెలిసింది. ఎర్రర్ లాగ్ ఖాళీగా ఉంది కదా అని టెస్ట్ పాసయిందనుకోకూడదు.

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కి ఇబ్బంది లేదు. అది 9,00,71,99,25,47,40,991 దాకా పూర్ణాంకాలని తప్పు లేకుండా పట్టుకుంటుంది.

*ఇప్పటిదాకా: పని 68 గంటలు. మిగిలిన ఐడీలు 24.89 కోట్లు.*

దశ 2: కొత్త కాలమ్, ట్రిగ్గర్ (రోజు 14–16)

డిఫాల్ట్ లేకుండా కాలమ్ చేర్చడం కాటలాగ్‌లో (టేబుళ్ల వివరాలుండే చోట) ఒక్క ఎంట్రీ, మిల్లీసెకన్ల పని. ఆ ధీమాతోనే రోజు 14 రాత్రి 10:41కి కొట్టాం. నాలుగు నిమిషాలు స్కానింగ్ ఆగిపోయింది.

జరిగింది ఇది. నెలాఖరు బిల్లింగ్ క్వెరీ ఒకటి, రెప్లికా (డేటాబేస్ నకలు) మీద నడవాల్సింది, ప్రైమరీ (అసలు డేటాబేస్) మీద 38 నిమిషాలుగా నడుస్తోంది. దాని చేతిలో ఉన్నది మామూలు చదివే లాకే. ఆల్టర్‌కి కావాల్సింది యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్, కాబట్టి దాని వెనక నిలబడింది. ఆల్టర్ తర్వాత వచ్చిన ప్రతి ఇన్సర్ట్, ప్రతి సెలెక్ట్ ఆల్టర్ వెనక నిలబడ్డాయి. లాక్ క్యూలో ముందున్నవాణ్ణి దాటి వెళ్లడం ఉండదు. 10:42:30కల్లా 400 కనెక్షన్లూ నిండిపోయాయి. పీజీ_స్టాట్_యాక్టివిటీలో (కనెక్షన్లు ఏం చేస్తున్నాయో చూపే పట్టిక) వెయిట్ ఈవెంట్ కాలమ్ పై నుంచి కింది దాకా ఒకటే మాట: 'రిలేషన్', అంటే టేబుల్ లాక్ కోసం ఎదురుచూపు. హోస్కోటె నుంచి ఫోన్: "సార్, గన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, లారీ ఖాళీ అవట్లేదు." ఆల్టర్‌ని క్యాన్సిల్ చేయగానే క్యూ విడిపోయింది.

మిల్లీసెకన్ల పని అన్నది లాక్ దొరికాక మాట. దొరికేదాకా పట్టే సమయానికి హద్దు లేదు. మార్చినవి:

1. మైగ్రేషన్ రోల్‌కి లాక్_టైమౌట్ 2 సెకన్లు. దొరక్కపోతే ఆల్టరే తప్పుకుంటుంది, 10 సెకన్లాగి మళ్లీ ప్రయత్నం, గరిష్ఠం 20 సార్లు.
2. మొదలుపెట్టే ముందు ఆ టేబుల్ మీద నిమిషం దాటిన ట్రాన్సాక్షన్లున్నాయేమో చూడడం. ఉంటే ఆగడం.
3. రిపోర్టింగ్ యూజర్ ప్రైమరీకి కనెక్ట్ కాకుండా ఆపడం.
4. సమయం మార్చడం.

నాలుగోది కాస్త వివరించాలి. డేటాబేస్ పనులు రాత్రి చేయాలన్నది అందరి అలవాటు. బెంగళూరులో పీక్ గంటల్లో భారీ లారీలను నగరంలోకి రానివ్వరు. కాబట్టి హబ్‌లకి బండ్లు వచ్చేది చీకటి పడ్డాకే. గంటగంటకీ ఇన్సర్టుల లెక్క తీస్తే రాత్రి 9 నుంచి 2 దాకా ఒక శిఖరం, తెల్లవారి 5 నుంచి 8 దాకా ఇంకోటి. బాగా పలచగా ఉండేది పగలు 11 నుంచి సాయంత్రం 6. ఇక్కణ్ణుంచి ప్రతి పనీ పగలే. టీమ్ అంతా ఆఫీసులో మెలకువగా ఉంటుంది, అదింకో లాభం.

రోజు 16, ఉదయం 11:20: కాలమ్ మూడో ప్రయత్నంలో చేరింది. వెంటనే ట్రిగ్గర్: బిఫోర్ ఇన్సర్ట్ ఆర్ అప్‌డేట్, కొత్త ఐడీ = పాత ఐడీ. నెక్స్ట్‌వాల్ డిఫాల్ట్ బిఫోర్ ట్రిగ్గర్ కంటే ముందే నిండుతుంది కాబట్టి విలువ అందుతుంది. చైల్డ్ టేబుళ్లకీ, ఆ నాలుగు కాలమ్‌లకీ ఇదే పద్ధతి. బ్యాక్‌ఫిల్ కంటే ముందే ట్రిగ్గర్ ఉండాలి. తిరగేస్తే మధ్యలో వచ్చిన రోలు ఖాళీగా మిగిలిపోతాయి.

*ఇప్పటిదాకా: పని 79 గంటలు. ఆగిన సమయం 4 నిమిషాలు. మిగిలిన ఐడీలు 24.23 కోట్లు.*

దశ 3: బ్యాక్‌ఫిల్ (రోజు 17–26)

రోజు 17: ఒక్కో బ్యాచ్‌లో 50,000 ఐడీలు, మధ్యలో విరామం లేదు. రెండు గంటల్లో 58 జీబీ వాల్ (ప్రతి మార్పూ ముందుగా రాసుకునే లాగ్) పుట్టింది, రెప్లికా 14 నిమిషాలు వెనకబడింది, ఆ రెప్లికా మీదున్న ట్రాకింగ్ పేజీలో పార్సిళ్లు కదలనట్టు కనిపించాయి. ఆపేశాం.

వాల్ అంత ఎందుకు పెరిగింది? ప్రతి చెక్‌పాయింట్ (మారిన పేజీలని డిస్కుకి దించే పని) తర్వాత ఒక పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడు పోస్ట్‌గ్రెస్ 8 కేబీ పేజీ మొత్తాన్ని వాల్‌లో రాస్తుంది. మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీలోనే ఉంది. అది నిండినప్పుడల్లా చెక్‌పాయింట్, మళ్లీ పూర్తి పేజీలు, మళ్లీ త్వరగా నిండడం. పైగా పాత పేజీలు నిండుగా ఉంటాయి, అప్‌డేట్ రాసే కొత్త వెర్షన్ అదే పేజీలో పట్టదు, హాట్ అప్‌డేట్ (ఇండెక్సులని ముట్టని అప్‌డేట్) కుదరదు. నాలుగు ఇండెక్సుల్లోనూ కొత్త ఎంట్రీలు పడతాయి.

రోజు 18 మార్పులు (మొదటి మూడూ రీలోడ్‌తో, చివరి రెండూ ఆల్టర్ టేబుల్‌తో అయిపోతాయి, రీస్టార్ట్ అక్కర్లేదు):

1. మ్యాక్స్_వాల్_సైజ్: 1 జీబీ నుంచి 64 జీబీ. డిస్కులో చోటుందని చూసుకున్నాకే.
2. చెక్‌పాయింట్_టైమౌట్: 5 నిమిషాల నుంచి 30.
3. వాల్_కంప్రెషన్: ఆన్.
4. ఆ టేబుల్‌కి మాత్రం ఆటోవాక్యూమ్ (చచ్చిన రోలని, అంటే రోల పాత వెర్షన్లని, ఊడ్చే పని) స్కేల్ ఫ్యాక్టర్ 0.01. డిఫాల్ట్ 0.2 అంటే 64 కోట్ల రోల టేబుల్‌లో 12.8 కోట్ల చచ్చిన రోలు పేరుకునేదాకా వాక్యూమ్ లేవదు, 0.01 అయితే 64 లక్షలకి లేస్తుంది.
5. అదే టేబుల్‌కి ఆటోవాక్యూమ్ కాస్ట్ లిమిట్: 200 బదులు 2,000.

చెక్‌పాయింట్లు దూరమైతే క్రాష్ తర్వాత రికవరీకి ఎక్కువసేపు పడుతుంది. ఒప్పుకుని చేసిన బేరం ఇది. పని కాగానే పాత విలువలకి వచ్చేశాం.

కొత్త లూప్:

1. బ్యాచ్ = 10,000 ఐడీల రేంజ్ ('బిట్వీన్'), లిమిట్ ఆఫ్‌సెట్ కాదు. ఆఫ్‌సెట్ ముందుకి పోయేకొద్దీ దాటిన రోలన్నీ మళ్లీ చదువుతుంది.
2. 'కొత్త ఐడీ ఈజ్ నల్' షరతు తప్పనిసరి, అప్పుడే మళ్లీ నడిపినా నష్టం ఉండదు.
3. ప్రతి బ్యాచ్ వేరే ట్రాన్సాక్షన్. అయిపోయిన రేంజ్ చివరి అంకె ఒక చిన్న టేబుల్‌లో.
4. రెప్లికా వెనకబాటు 20 సెకన్లు దాటితే లూప్ ఆగి, 5 సెకన్లకి దిగాక మొదలు.
5. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య అర సెకను.

లెక్క: 99 నుంచి 187 కోట్ల దాకా 88 కోట్ల ఐడీలు, అంటే 88,000 బ్యాచ్‌లు. బ్యాచ్‌కి సగటున 7,300 రోలు, 1.5 సెకన్లు, విరామంతో 2. రోజుకి 7 గంటలంటే 12,600 బ్యాచ్‌లు. ఏడు రోజులు. రోజు 19న మొదలై 25న అయిపోయింది. 187 కోట్ల తర్వాత ట్రిగ్గర్‌కి ముందు పడ్డ రోలని చివర్లో విడిగా నింపాం. ఇది మర్చిపోవడం తేలిక.

ఆటోవాక్యూమ్ ఉన్నా రోజూ సాయంత్రం 6:10కి చేత్తో ఒక వాక్యూమ్ నడిపాం. మొదటి రోజు టేబుల్ 14 జీబీ పెరిగింది. ఆ రోజు చచ్చిన రోల చోటు వాక్యూమ్ ఖాళీ చేస్తే మరుసటి రోజు కొత్త వెర్షన్లు అక్కడ కూర్చున్నాయి. అందుకే ఏడు రోజుల తర్వాత టేబుల్ 117 జీబీ దగ్గరే నిలిచింది. వాక్యూమ్ లేకుండా వదిలేస్తే రెట్టింపయ్యేది. బార్‌కోడ్ ఇండెక్స్ మాత్రం 31 నుంచి 44 జీబీకి ఉబ్బింది. 'రీఇండెక్స్ కంకరెంట్లీ'తో (రాతలు ఆపకుండా ఇండెక్స్ మళ్లీ కట్టడం) తిరిగి 30కి.

*ఇప్పటిదాకా: పని 98 గంటలు. టేబుల్ పెరుగుదల 21 జీబీ. మిగిలిన ఐడీలు 22.03 కోట్లు.*

దశ 4: ఇండెక్స్, నాట్ నల్ (రోజు 27–30)

'క్రియేట్ యూనిక్ ఇండెక్స్ కంకరెంట్లీ' మొదటిసారి 33వ నిమిషంలో పడిపోయింది. కారణం మనం పెట్టుకున్న లాక్_టైమౌటే. కంకరెంట్లీ మధ్యలో పాత ట్రాన్సాక్షన్లు ముగియాలని ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపు కూడా లాక్ కిందే లెక్క, 2 సెకన్లు దాటగానే క్యాన్సిల్. మిగిలిపోయిన ఇండెక్స్ 'ఇన్‌వాలిడ్'గా ఉండిపోతుంది: క్వెరీలకి పనికిరాదు, ప్రతి ఇన్సర్ట్ మీదా భారం మాత్రం వేస్తుంది. డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీ, ఆ ఒక్క సెషన్‌కి లాక్_టైమౌట్ 0, మెయింటెనెన్స్_వర్క్_మెమ్ 4 జీబీ, పారలల్ వర్కర్లు 4. రెండోసారి 52 నిమిషాల్లో అయ్యింది.

సైజు 14 జీబీ, పాతదాంతో సమానం. బిగ్‌ఇంట్ అంటే ఇండెక్స్ రెట్టింపవుతుందని ఒక భయం ఉంటుంది. ఇండెక్స్ ఎంట్రీలో 8 బైట్ల హెడర్, తర్వాత కీ. 4 బైట్ల కీ అయినా 8 బైట్ల హద్దుకి సర్దుతుంది. రెండింటికీ 16 బైట్లే.

నాట్ నల్ (కాలమ్ ఖాళీగా ఉండకూడదన్న నియమం) కోసం:

1. చెక్ కన్‌స్ట్రెయింట్ 'కొత్త ఐడీ ఈజ్ నాట్ నల్', నాట్ వాలిడ్‌గా (ఉన్న రోలని అప్పుడే పరీక్షించకుండా). క్షణం పని.
2. వాలిడేట్. టేబుల్ అంతా చదువుతుంది, కానీ రాతలని ఆపదు. 9 నిమిషాలు.
3. సెట్ నాట్ నల్. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి వాలిడ్ చెక్ ఉంటే స్కాన్ చేయదు.
4. చెక్ తీసేయడం.
5. అనలైజ్. కొత్త కాలమ్‌కి స్టాటిస్టిక్స్ లేకుండా మార్పిడి చేస్తే ప్లాన్లు చెడతాయి.

*ఇప్పటిదాకా: పని 111 గంటలు. మిగిలిన ఐడీలు 21.15 కోట్లు.*

దశ 5: మార్పిడి (రోజు 31–38)

మూడు రిహార్సల్స్, ప్రొడక్షన్ బ్యాకప్ నుంచి తీసిన కాపీ మీద.

ఒకటోది: కావాలనే నాట్ నల్ ముందుగా పెట్టని కాపీ మీద. యాడ్ ప్రైమరీ కీ యూజింగ్ ఇండెక్స్ నాట్ నల్ కోసం టేబుల్ అంతా చదివింది, లాక్ పట్టుకుని 6 నిమిషాలు. దశ 4 ఎందుకు వదలకూడదో దీంతో తేలింది.

రెండోది: మార్పిడి అయ్యింది, మొదటి ఇన్సర్టే విఫలం. పాత కాలమ్ మీద నాట్ నల్ అలాగే ఉంది. ప్రైమరీ కీ తీసేసినా అది పోదు. పాత కాలమ్‌కి 'డ్రాప్ నాట్ నల్' లైను చేర్చాం.

మూడోది: డేటాబేస్ బాగుంది, అప్లికేషన్‌లో 'క్యాష్డ్ ప్లాన్ రిజల్ట్ టైపు మారకూడదు' అనే ఎర్రర్ల వర్షం. ముందే ప్రిపేర్ అయిన స్టేట్‌మెంట్లు ఇంటీజర్‌ని గుర్తుపెట్టుకున్నాయి. కాలమ్ పేరు అదే అయినా టైపు మారింది. మార్పిడి కాగానే కనెక్షన్లన్నీ మూసి మళ్లీ తెరవాలి.

చివరికి ఒకే ట్రాన్సాక్షన్‌లో:

1. లాక్_టైమౌట్ 2 సెకన్లు. లాక్ టేబుల్: పేరెంట్, ఆ తర్వాత చైల్డ్ టేబుళ్లు. క్రమం ఎప్పుడూ ఇదే.
2. ట్రిగ్గర్లు తీసేయడం.
3. చైల్డ్ ఫారిన్ కీలు, తర్వాత పాత ప్రైమరీ కీ తీసేయడం.
4. పేర్లు మార్చడం: ఐడీ పాతది అవుతుంది, కొత్తది ఐడీ అవుతుంది. చైల్డ్‌లలోనూ.
5. పాత కాలమ్‌కి డ్రాప్ డిఫాల్ట్, డ్రాప్ నాట్ నల్. కొత్తదానికి నెక్స్ట్‌వాల్ డిఫాల్ట్.
6. సీక్వెన్స్ యాజ్ బిగ్‌ఇంట్, ఓన్డ్ బై కొత్త కాలమ్.
7. యాడ్ ప్రైమరీ కీ యూజింగ్ ఇండెక్స్.
8. ఫారిన్ కీలు నాట్ వాలిడ్‌గా.
9. తిరుగు ట్రిగ్గర్: పాత కాలమ్ = కొత్త ఐడీ. హద్దు దాటనంతకాలం వెనక్కి రావడానికి ఇదే దారి.
10. కమిట్.

వ్యూలు పేరుతో కాదు, కాలమ్ నంబరుతో ముడిపడి ఉంటాయి. పేర్లు మార్చినా అవి పాత కాలమ్‌నే చూపిస్తాయి. కాబట్టి ఆ మూడు వ్యూలని డ్రాప్ చేసి కొత్తగా కట్టే లైన్లు 8కీ 9కీ మధ్య చేర్చాం, గ్రాంట్లతో సహా.

6వ అడుగులో ఓన్డ్ బై మార్చకపోతే ఇబ్బంది వెంటనే కనిపించదు. కొన్ని వారాల తర్వాత పాత కాలమ్ తీసేయబోతే, సీక్వెన్స్ దానిదే కాబట్టి డ్రాప్ ఆగిపోతుంది. అప్పుడు విసుగుతో ఎవరైనా 'క్యాస్కేడ్' కొడితే సీక్వెన్స్, దాంతోపాటు కొత్త ఐడీ డిఫాల్ట్ పోతాయి.

రోజు 38, పగలు 11:32. రెండో ప్రయత్నంలో లాక్ దొరికింది. ట్రాన్సాక్షన్ 310 మిల్లీసెకన్లు. సర్వీసుల రోలింగ్ రీస్టార్ట్ (ఒకదాని తర్వాత ఒకటి) 7 నిమిషాలు, ఆ వ్యవధిలో క్యాష్డ్ ప్లాన్ ఎర్రర్లు 212, అన్నీ రీట్రైలో పాసయ్యాయి. ఫారిన్ కీల వాలిడేట్ ఆ మధ్యాహ్నమే: ఫొటోలు 16 నిమిషాలు, ఎక్సెప్షన్లు 3.

*మొత్తం: పని 145 గంటలు. ఆగిన సమయం 4 నిమిషాలు, అదీ దశ 2లోనిదే. మిగిలిన ఐడీలు 19.39 కోట్లు, ఇక లెక్కపెట్టనక్కర్లేదు.*

రోజు 52

తిరుగు ట్రిగ్గర్, పాత కాలమ్ తీసేశాం. డ్రాప్ కాలమ్ కాటలాగ్‌లో గుర్తు పెట్టడమే. ఉన్న రోలలో ఆ 4 బైట్లు అలాగే ఉంటాయి, 13 నెలల్లో పాత రోలు ఆర్కైవ్‌కి పోయేకొద్దీ వాటంతట అవే పోతాయి. దానికోసం వాక్యూమ్ ఫుల్ (టేబుల్ మొత్తం తిరగరాయడం) వద్దు.

మానిటరింగ్ స్క్రిప్టు ఇప్పుడు ప్రతి సీక్వెన్స్ విలువనీ కాలమ్ టైపు గరిష్ఠంతో భాగిస్తుంది, 60 శాతానికి అలర్ట్. మొదటిసారి నడిపినప్పుడే, అలర్ట్ దాకా రాకపోయినా, ఇంకో టేబుల్ బయటపడింది: డెలివరీ ఎస్సెమ్మెస్ లాగ్, 41 శాతం. దాని ట్యాబ్లెట్ యాప్ మార్పు ఈ సోమవారం మొదలైంది.